ఒకటి, రెండు, నాలుగు: గురు ఉపగ్రహాల పాఠంపై ఒక విమర్శ

గురుగ్రహం చుట్టూ తిరిగే అయో, యూరోపా, గానిమీడ్ అనే మూడు ఉపగ్రహాల పరిభ్రమణ కాలాలు 1:2:4 నిష్పత్తిలో ఉంటాయని మీరు కిందటి పాఠంలో చదివారు. డిగ్రీ పుస్తకాల్లోనూ పోటీ పరీక్షల గైడ్లలోనూ ఈ వాక్యం దాదాపు ఇదే రూపంలో కనిపిస్తుంది. రెండు మార్కుల ప్రశ్నకు ఇదే జవాబు. ఈ వ్యాసం ఆ వాక్యాన్ని విమర్శించడానికి రాసినది. అది ఎంతవరకు నిజం, ఎక్కడ మొదలుకొని మనల్ని పక్కదారి పట్టిస్తుంది అన్నదే ఇక్కడి ప్రశ్న. కావ్యాన్ని విమర్శించడం తెలుసు గానీ, సైన్సు పాఠానికి విమర్శేమిటని కొందరికి అనిపించవచ్చు. సైన్సు పాఠం కూడా ఎవరో రాసిందే. అందులోనూ ఉపమానాలుంటాయి, ఊపు కోసం రాసిన మాటలుంటాయి. వాటిలో ఏది సత్యానికి నిలబడుతుందో విడదీసి చూడవలసింది చదివేవారే.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. 1990లలో ఇలాంటి దూరవిద్యా పాఠమే ఒకటి నేను రాశాను. నిష్పత్తి చెప్పి ఊరుకుంటే పాఠం పొడిగా ఉందనిపించి, మా కోనసీమ ఉపమానం ఒకటి జోడించాను. కనుమ నాడు జగ్గన్నతోటకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు వచ్చి ఒకచోట చేరతాయి కదా. అలాగే గానిమీడ్ ఒక చుట్టు ముగించిన ప్రతిసారీ, అంటే వారానికొకసారి, మూడు ఉపగ్రహాలూ గురుగ్రహానికి ఒకే దిక్కున ఒకే గీత మీదికి వచ్చి చేరతాయని రాశాను. చదవడానికి బాగుంది. కాంటాక్టు తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు సంతోషంగా తలలూపారు.

కొన్నాళ్లకు ముమ్మిడివరం దగ్గరి పల్లె నుంచి ఒక విద్యార్థి కార్డు రాశాడు. అతనిది పగలు కొబ్బరి దింపు పని, రాత్రి చదువు. ఎవరి దగ్గరో బైనాక్యులర్ అరువు తెచ్చుకుని, ఏటిగట్టు మీద కూర్చుని నలభై రాత్రులు గురుగ్రహాన్ని చూశాడట. కనబడిన చుక్కలను నోటు పుస్తకంలో గీసుకున్నాడట. "మేస్టారూ, మూడూ కలిసే రోజు నాకు దొరకలేదండి. ఎప్పుడొస్తుందో చెబితే ఆ రాత్రి పనికి సెలవు పెట్టుకుంటాను" అని అడిగాడు. తేదీ చెబుదామని కాగితం తీసుకుని లెక్కకు కూర్చున్నాను. ఆ రోజు రాలేదు. ఎంత ముందుకు లెక్కించినా రాలేదు. నేను పాఠం రాసేటప్పుడు చేయవలసిన లెక్క, ఆ అబ్బాయి కార్డు వచ్చాక చేశాను.

ఆ లెక్క మీరూ చేయండి. అయో గురుగ్రహాన్ని 1.769138 రోజుల్లో, యూరోపా 3.551181 రోజుల్లో, గానిమీడ్ 7.154553 రోజుల్లో చుట్టి వస్తాయి. యూరోపా కాలాన్ని అయో కాలంతో భాగిస్తే 2.0073 వస్తుంది. గానిమీడ్ కాలాన్ని యూరోపా కాలంతో భాగిస్తే 2.0147 వస్తుంది. రెండూ రెండుకు దగ్గరగానే ఉన్నాయి, కానీ రెండు కావు. అయో నాలుగు చుట్లు ముగించే సమయానికి గానిమీడ్‌కు తన ఒక్క చుట్టు ముగియడానికి ఇంకా 1 గంట 52 నిమిషాలు కావాలి. వారానికి రెండు గంటల లోపు తేడా, పోనిద్దూ అనిపిస్తుంది. అయితే ఏడాదిలో గానిమీడ్ 51 చుట్లు తిరుగుతుంది. అన్ని చుట్ల తేడా కూడితే నాలుగు రోజులు. అంత వ్యవధిలో అయో రెండు చుట్లు తిరిగి మూడోది మొదలుపెడుతుంది. వారానికి రెండు గంటలు తప్పే గడియారాన్ని మనం ఇంట్లో ఉంచుకోం. మరి ఈ నిష్పత్తిని "కచ్చితమైన నిష్పత్తి" అని ఎలా రాస్తున్నాం?

ఇక్కడే ఇంకో మాట. కొన్ని గైడ్లలో కాలిస్టోను కూడా కలిపి 1:2:4:8 అని రాయడం చూశాను. కాలిస్టో పరిభ్రమణ కాలం 16.69 రోజులు. గానిమీడ్ కాలంతో భాగిస్తే 2.33. దాన్ని రెండు చేయడం ఏ సవరణతోనూ కుదరదు. వరుస అందంగా ఉంది కాబట్టి ఎనిమిది కూడా ఉండాలని ఎవరో ఆశపడ్డారు, మిగిలినవారు కాపీ చేశారు.

మిగిలిపోయిన శేషం

నిష్పత్తి కచ్చితం కాదని తేలాక, "అయితే ఇదంతా యాదృచ్ఛికమే, దాదాపుగా కుదిరింది, అంతే" అని వదిలేయడానికి వీల్లేదు. ఇంకో మెట్టు ఎక్కాలి. ఒక్కో ఉపగ్రహం రోజుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో చూడండి. 360ని పరిభ్రమణ కాలంతో భాగిస్తే చాలు. అయో రోజుకు 203.4889 డిగ్రీలు, యూరోపా 101.3747 డిగ్రీలు, గానిమీడ్ 50.3176 డిగ్రీలు తిరుగుతాయి.

అయో అంకె లోంచి యూరోపా అంకెకు రెట్టింపు తీసేయండి. 0.7395 మిగులుతుంది. యూరోపా అంకె లోంచి గానిమీడ్ అంకెకు రెట్టింపు తీసేయండి. మళ్లీ 0.7395 మిగులుతుంది.

ఈ చోట ఒక్క నిమిషం ఆగండి. నిష్పత్తి రెండు చోట్లా తప్పింది. కానీ రెండు చోట్లా ఒకే మేరకు తప్పింది. మొదటి జంట రోజుకు ఎంత జారుతుందో రెండో జంటా సరిగ్గా అంతే జారుతుంది. కచ్చితత్వం ఉన్నది ఈ జారుడులో. 1:2:4 అన్నది ఉజ్జాయింపు. రెండు శేషాలు సమానం అన్నదే నియమం. మన పుస్తకాలు ఉజ్జాయింపును నియమంగా చెప్పి, నియమాన్ని చెప్పకుండా వదిలేశాయి. నా ఫిర్యాదు అంతా ఇదే.

దీని అర్థం బోధపడాలంటే గుడి చుట్టూ ముగ్గురు ప్రదక్షిణ చేస్తున్నారనుకోండి. లోపలి వలయంలో అయో వడివడిగా, మధ్య వలయంలో యూరోపా నిదానంగా, బయటి వలయంలో గానిమీడ్ ఇంకా నిదానంగా నడుస్తున్నారు. గర్భగుడి నుంచి చూస్తే ఇద్దరు ఒకే దిశలో కనిపించడాన్ని యుతి అందాం. అయో, యూరోపాల యుతి సుమారు మూడున్నర రోజులకొకసారి వస్తుంది. నిష్పత్తి సరిగ్గా రెండయి ఉంటే ఆ యుతి ఎప్పుడూ ఒకేచోట, ధ్వజస్తంభం ఎదుటే జరిగేది. శేషం ఉంది కాబట్టి ఆ చోటు రోజుకు 0.7395 డిగ్రీల చొప్పున వెనక్కి జరుగుతూ, సుమారు 487 రోజుల్లో గుడి చుట్టూ ఒకసారి తిరిగివస్తుంది. యూరోపా, గానిమీడ్‌ల యుతి సుమారు ఏడు రోజులకొకసారి వస్తుంది. ఆ చోటు కూడా అదే వేగంతో వెనక్కి జరుగుతుంది. వేగం ఒకటే కాబట్టి రెండు చోట్ల మధ్య దూరం మారదు. ఆ దూరం సరిగ్గా సగం చుట్టు. మొదటి యుతి ధ్వజస్తంభం వైపు జరిగే రోజుల్లో రెండోది గుడి వెనక గోడ వైపు జరుగుతుంది.

సూత్రంగా చెప్పాలంటే, అయో స్థానకోణం లోంచి యూరోపా స్థానకోణానికి మూడు రెట్లు తీసేసి, గానిమీడ్ స్థానకోణానికి రెండు రెట్లు కలిపితే ఫలితం ఎప్పుడూ 180 డిగ్రీలు. దీని చుట్టూ జరిగే ఊగులాట డిగ్రీలో పదో వంతు కూడా ఉండదు. ఇప్పుడు మూడూ ఒకే దిశలో ఉన్నాయనుకుని, మూడింటికీ ఒకే కోణం పెట్టి చూడండి. ఒకటి లోంచి మూడు పోయి రెండు కలిస్తే సున్న. సున్న 180 కాదు. కాబట్టి మూడూ కలవవు. నా ప్రభల ఉపమానం ఈ ఒక్క పంక్తితో కూలిపోయింది. యూరోపా, గానిమీడ్ కలిసినప్పుడు అయో సరిగ్గా అవతలి వైపు ఉంటుంది. అయో, యూరోపా కలిసినప్పుడు గానిమీడ్ వాటికి లంబంగా, 90 డిగ్రీల దూరంలో ఉంటుంది. అయో, గానిమీడ్ కలిసినప్పుడు యూరోపా 60 డిగ్రీల దూరంలోనో ఎదురుగానో ఉంటుంది. ఇవి మీరే సూత్రంలో పెట్టి రాబట్టండి, పది నిమిషాల పని.

తప్పు ఒప్పుకుంటూ ఆ విద్యార్థికి జవాబు రాశాను. తరవాతి ముద్రణలో పాఠం కూడా దిద్దాను. దిద్దుతూ ఇంకో తప్పు చేశాను. "మూడు ఉపగ్రహాలూ ఎన్నడూ ఒకే వైపున ఉండవు" అని రాశాను. మళ్లీ కార్డు వచ్చింది. "మేస్టారూ, ఫలానా రాత్రి మూడూ గురుడికి ఎడమ పక్కనే ఉన్నాయండి. బొమ్మ గీసి పంపుతున్నాను."

అతను చూసింది నిజం. నేను రాసిందే సరికాదు. "ఒకే దిశ" వేరు, "ఒకే పక్క" వేరు. ఈ ఉపగ్రహాల కక్ష్యలను మనం భూమి మీద నుంచి అంచు వైపుగా చూస్తాం. పళ్లేన్ని కంటి ఎత్తులో పెట్టుకుని చూసినట్టన్నమాట. అందువల్ల అవి ఎప్పుడు చూసినా గురుగ్రహానికి అటూ ఇటూ ఒకే గీత మీద పేర్చినట్టు కనిపిస్తాయి. అయో, యూరోపా కలిసి ఎడమ పక్క ముందు భాగంలో ఉండి, గానిమీడ్ 90 డిగ్రీల అవతల, అదే ఎడమ పక్క వెనక భాగంలో ఉంటే, మనకు మూడూ ఎడమ పక్కనే కనిపిస్తాయి. నియమం చెక్కుచెదరదు. బైనాక్యులర్ పట్టుకున్న మనిషికి "పక్క" అన్న మాట ఒక అర్థమిస్తుంది, కోణాలు రాసుకునే మనిషికి మరొక అర్థమిస్తుంది. పాఠం రాసేవాడు ఎవరి కోసం రాస్తున్నాడో మరిచిపోతే ఇలాగే అవుతుంది.

ఈ లెక్క ఎందుకు అవసరమైంది

గెలీలియో 1610 జనవరి 7న పాడువాలో గురుగ్రహం పక్కన మూడు చుక్కలు చూశాడు. మరో వారంలో నాలుగోదీ కనబడింది. ఇది అందరికీ తెలిసిన కథ. మన పుస్తకాలు అక్కడి నుంచి నేరుగా లాప్లాస్ పేరుకు దూకుతాయి. మధ్యలోని నూట డెబ్బై ఏళ్లు ఖాళీ. ఆ ఖాళీలోనే అసలు సంగతి ఉంది.

ఈ ఉపగ్రహాలు గురుగ్రహం నీడలోకి వెళ్లి మాయమవుతాయి, తిరిగి బయటికొస్తాయి. ఆ క్షణం భూమి మీద ఎక్కడి నుంచి చూసినా ఒకటే. ఒక ఊళ్లో స్థానిక కాలం ప్రకారం ఎన్ని గంటలకు కనబడింది, ఇంకో ఊళ్లో ఎన్ని గంటలకు కనబడింది అని పోల్చితే రెండు ఊళ్ల రేఖాంశాల తేడా తెలుస్తుంది. గంటకు 15 డిగ్రీలు. తంతి లేని కాలంలో ఇది ఆకాశంలో వేలాడదీసిన గడియారం. అందుకే గ్రహణాల పట్టికలు తయారుచేశారు. పట్టిక ఒక నిమిషం తప్పితే మన అక్షాంశంలో ఊరు సుమారు 27 కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. పట్టికలు దిద్దుతూ దిద్దుతూ 1676లో రోమర్ కాంతికి ప్రయాణ కాలం ఉందని కనిపెట్టాడు. స్వీడన్‌కు చెందిన వార్‌జెంటిన్ 1740లలో ఆ పట్టికల మీదే పనిచేస్తూ మొదటి మూడు ఉపగ్రహాల మధ్య ఏదో కట్టుబాటు ఉందని గమనించాడు. 1780లలో లాప్లాస్ దానికి కారణం చూపాడు. పరస్పర ఆకర్షణ వల్ల ఆ సంబంధం తనను తానే నిలబెట్టుకుంటుందని, కొంచెం తప్పితే మళ్లీ దారికి వస్తుందని నిరూపించాడు. పేరు లాప్లాస్‌కు దక్కింది. వార్‌జెంటిన్‌ను మన పుస్తకాలు కనీసం తలచుకోవు.

ఈ గడియారం మన దేశానికీ సమయం చెప్పింది. 1792లో నెలకొన్న మద్రాసు అబ్జర్వేటరీలో జాన్ గోల్డింగ్‌హామ్ ఏళ్ల తరబడి గురు ఉపగ్రహాల గ్రహణాలను నమోదు చేశాడు. ఆ పరిశీలనలను 1808లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. మద్రాసు రేఖాంశం ఇలాంటి పరిశీలనలతోనే తేలింది. ల్యాంబ్టన్ మొదలుపెట్టిన సర్వేకు మద్రాసే ఆధారం. తెలుగు జిల్లాల పటాలు ఆ లెక్క మీదే గీశారు. తరవాత తంతి సాయంతో కొలిచి చూస్తే, ఆ రేఖాంశం సుమారు రెండున్నర కోణ నిమిషాలు ఎక్కువగా ఉందని బయటపడింది. కాలంలో అది పది సెకన్లు. ఈనాడు ముమ్మిడివరం రేఖాంశం సుమారు 82 డిగ్రీల 7 నిమిషాలు అని ఫోను చెబుతుంది. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ మనకు కాస్త తూర్పున ఉంది కాబట్టి మన స్థానిక కాలం గడియారం కంటే ఒకటిన్నర నిమిషం వెనక. ఇలాంటి అంకెల తొలి రూపం వెనక నీడలోకి జారిన అయో ఉంది. 1:2:4 అని సరిపెట్టుకుని పట్టిక వేసి ఉంటే ఆ అంకె దొరికేది కాదు.

దక్షిణాదిలో ఇంకో సందర్భం కూడా చెప్పుకోవాలి. 1972 జూన్ 7న గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చింది. దాన్ని తమిళనాడులోని కావలూరు నుంచి, ఇండోనేషియాలోని లెంబాంగ్ నుంచి కొలిచారు. నక్షత్ర కాంతి తగ్గిన తీరును బట్టి గానిమీడ్‌కు పలుచని వాతావరణం ఉందని 1973లో ప్రకటించారు. 1979లో వాయేజర్ కొలతలు అంత వాతావరణం లేదని తేల్చాయి. ఆ ప్రకటనను నేను తక్కువ చేయడం లేదు. కొలిచిన అంకె రాశారు కాబట్టే దాన్ని కాదనడం వీలైంది. "పలుచని వాతావరణం ఉండవచ్చు" అని ఊరుకుని ఉంటే ఎవరూ ఖండించలేకపోయేవారు, ఎవరికీ ఉపయోగమూ ఉండేది కాదు.

ఉయ్యాల ఉపమానం

ఇక కారణం దగ్గరికి వద్దాం. ఈ సంబంధాన్ని మనం అనునాదం అంటున్నాం. వీణ మీద ఒక తీగ మీటితే పక్క తీగ స్పందించడం లాంటిదని ఆ మాట సూచిస్తుంది. మాటలో నాదం ఉంది కాబట్టి ఒక జవాబు పత్రంలో "ఉపగ్రహాల శబ్దం వల్ల" అని రాయడం కూడా చూశాను. ఆ విద్యార్థికి మార్కులు తగ్గించాను గానీ, తప్పులో సగం వాటా ఆ పారిభాషిక పదానిదే. పదం మార్చాలని నేను అనను. ఇప్పటికే స్థిరపడింది. వాడేటప్పుడు ఇక్కడ నాదం లేదని, పదేపదే ఒకే తీరులో అందే తాకిడి మాత్రమే ఉందని ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది.

ఉయ్యాల ఉపమానం దీనికంటే మెరుగు. ఉయ్యాల వెనక్కి వచ్చినప్పుడల్లా చిన్న తోపు తోస్తే ఊపు పెరుగుతుంది. అయో యూరోపాను దాటిన ప్రతిసారీ యూరోపా దాన్ని కొద్దిగా లాగుతుంది. ఆ లాగుడు ప్రతిసారీ అయో కక్ష్యలో ఒకే చోట, అయో గురుగ్రహానికి అతి దగ్గరగా ఉన్నప్పుడే పడుతుంది. అందుకే అయో కక్ష్య పూర్తి వృత్తం కాకుండా కొద్దిపాటి దీర్ఘవృత్తంగా నిలిచి ఉంటుంది. ఇంతవరకు ఉయ్యాల పనికొస్తుంది.

రెండు చోట్ల అది చెడిపోతుంది. ఉయ్యాలను తోసేవాడు నేల మీద నిలబడి ఉంటాడు, ఉయ్యాల అతన్ని కదిలించదు. ఇక్కడ తోసేది కూడా ఊగుతున్నదే. అయో యూరోపాను లాగుతుంది, యూరోపా గానిమీడ్‌ను లాగుతుంది. ముగ్గురిలో ఎవరైనా కొంచెం ముందుకు పోతే మిగతా ఇద్దరి లాగుడు దాన్ని వెనక్కి సర్దుతుంది. తప్పును సరిదిద్దే ఈ గుణం ఉయ్యాలలో లేదు. లాప్లాస్ నిరూపించిన విషయం సరిగ్గా ఇదే కాబట్టి, ఉయ్యాలతో ఆగిపోయిన పాఠం అసలు విషయం చెప్పకుండానే ముగిసినట్టు. రెండోది, ఉయ్యాల ఊపు పెరుగుతూనే ఉండాలి. అయో కక్ష్య అలా సాగిపోవడం లేదు. ఊపును ఎవరో తినేస్తున్నారు. ఆ తినేది ఎవరన్న ప్రశ్న దగ్గరే ఈ విషయంలో అన్నిటికంటే గొప్ప రచన పుట్టింది.

అది 1979 మార్చి 2న సైన్స్ పత్రికలో పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే ముగ్గురు ప్రచురించిన మూడు పేజీల పత్రం. అందులోని వాదన మన ఊరి మనిషికి అర్థం కానిదేమీ కాదు. గౌతమి ముఖద్వారం దగ్గర పోటు, పాటు మనం రోజూ చూస్తాం. చంద్రుడి లాగుడుకు సముద్రం ఉబుకుతుంది. అయో మన చంద్రుడి కంటే కాస్త పెద్దది. గురుగ్రహం నుంచి దాని దూరం 4,21,800 కిలోమీటర్లు. మన చంద్రుడి దూరం 3,84,400. దూరాలు ఇంచుమించు ఒకటే. కానీ గురుగ్రహం భూమికి 318 రెట్లు బరువైనది. అంత లాగుడుకు అయోలో రాయే ఉబుకుతుంది. అయో ఎప్పుడూ గురుగ్రహానికి ఒకే ముఖం చూపిస్తుంది కాబట్టి, కక్ష్య పూర్తి వృత్తమైతే ఉబ్బు ఉబ్బుగానే నిలిచిపోయేది, వేడి పుట్టేది కాదు. కక్ష్య దీర్ఘవృత్తం. ప్రతి చుట్టులో దూరం సుమారు 3,400 కిలోమీటర్ల మేర పెరిగి తగ్గుతుంది. ఉబ్బు 42 గంటలకొకసారి పెరిగి తగ్గుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచితే మడత దగ్గర చెయ్యి కాలుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. ఈ వేడి నష్టం కక్ష్యను వృత్తంగా మార్చేయాలి. యూరోపా, గానిమీడ్‌లతో ఉన్న కట్టుబాటు అలా మారనివ్వదు. కాబట్టి అయో లోపల కరిగి ఉండాలి, పైన అగ్నిపర్వతాలు ఉండే అవకాశం ఉంది అని వారు రాశారు.

మార్చి 5న వాయేజర్ 1 గురుగ్రహాన్ని దాటింది. అప్పటికి పత్రం అచ్చయి మూడు రోజులు. మార్చి 9న లిండా మొరాబిటో ఒక ఛాయాచిత్రంలో అయో అంచున గొడుగులా లేచిన పొగను గుర్తించింది. భూమి మీద కాక మరెక్కడైనా రగులుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడటం అదే మొదలు.

ఈ కథను అద్భుతంగా చెప్పడం సులువు. నేను పత్రాన్ని మెచ్చుకునేది జోస్యం ఫలించినందుకు కాదు. అందులో ఏ మెట్టూ దాచలేదు. కక్ష్య ఎంత సాగింది, ఆ సాగుడు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత శక్తి వేడిగా పోతుంది, ఏ ఊహ తప్పితే ఫలితం తప్పుతుంది అన్నవన్నీ చదివేవాడు వేలు పెట్టి చూపగలడు. వాయేజర్ చిత్రాల్లో అయో చల్లగా, గుంటలతో నిండి కనబడి ఉంటే ఎక్కడ వెతుక్కోవాలో కూడా తెలిసేది. ప్రభల గురించి నేను రాసిన వాక్యంలో అలాంటి పిడి ఒక్కటీ లేదు. కొబ్బరి దింపే విద్యార్థి నలభై రాత్రులు కూర్చుని గానీ దాన్ని పట్టుకోలేకపోయాడు.

శని దగ్గర ఇంకో జంట

ఇదే రకం తప్పు శని ఉపగ్రహాల దగ్గరా కనిపిస్తుంది. "జానస్, ఎపిమీథియస్ నాలుగేళ్లకొకసారి కక్ష్యలు మార్చుకుంటాయి" అని రాస్తారు. ఈ వాక్యం విన్నవారికి ఇద్దరు మనుషులు కుర్చీలు మార్చుకున్నట్టు అనిపిస్తుంది. అక్కడ జరిగేది వేరు.

1966 డిసెంబరులో డోల్ఫస్ ఒక ఉపగ్రహాన్ని చూశాడు. కొద్ది రోజులకే రిచర్డ్ వాకర్ ఒకదాన్ని చూశాడు. రెండు పరిశీలనలనూ ఒకే ఉపగ్రహానివిగా భావించి కక్ష్య గీయబోతే అది కుదరలేదు. అవి రెండు వేరువేరు ఉపగ్రహాలని 1978లో లార్సన్, ఫౌంటెన్ చెప్పారు. 1980లో వాయేజర్ 1 దాన్ని ధ్రువపరిచింది. రెండూ శని కేంద్రం నుంచి సుమారు 1,51,000 కిలోమీటర్ల దూరంలో తిరుగుతాయి. రెండు కక్ష్యల మధ్య తేడా 50 కిలోమీటర్లే. జానస్ వ్యాసం సుమారు 180 కిలోమీటర్లు, ఎపిమీథియస్‌ది 116. అంటే ఒకదాన్ని మరొకటి పక్కగా దాటిపోవడానికి చోటు లేదు.

లోపల ఉన్నది చుట్టుకు అర నిమిషం చొప్పున ముందుకొస్తూ, నాలుగేళ్లకు కాస్త తక్కువలో బయటిదాన్ని వెనక నుంచి సమీపిస్తుంది. ముందున్నది వెనకదాన్ని ముందుకు లాగుతుంది. ముందుకు లాగితే వేగం పెరిగి ఢీకొట్టాలి కదా? కక్ష్యలో అలా జరగదు. లాగుడు వల్ల శక్తి పెరిగిన ఉపగ్రహం ఇంకా ఎత్తు కక్ష్యలోకి జారుకుంటుంది, ఎత్తు కక్ష్యలో నడక నిదానం. అదే సమయంలో వెనక్కి లాగబడిన ముందుది లోపలికి దిగి వేగం పుంజుకుంటుంది. పదివేల కిలోమీటర్లకు పైగా దూరం ఉండగానే రెండూ విడిపోతాయి.

ఇందులో ఎవరూ ఎవరి కక్ష్యలోకీ వెళ్లలేదు. జానస్ ఎపిమీథియస్ కంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. అందుకే జానస్ సుమారు 20 కిలోమీటర్లు జరిగితే ఎపిమీథియస్ సుమారు 80 కిలోమీటర్లు జరుగుతుంది. రెండూ కలిపి వంద. లోపలికి 50 ఉన్న తేడా బయటికి 50 కావాలంటే కావలసింది అంతే. లోపల, బయట అన్న వరుస మాత్రమే తారుమారవుతుంది. "మార్చుకుంటాయి" అని రాస్తే ఈ 20, 80 కనిపించకుండా పోతాయి. కనిపించకపోతే, జరిగిన దూరాన్ని బట్టి రెండింటి బరువుల నిష్పత్తి లెక్కకట్టవచ్చన్న సంగతీ పోతుంది. నెప్ట్యూన్ దగ్గర నయాద్, థలస్సా అనే చిన్న జంట గురించి 2019లో వచ్చిన వార్తల్లో "నాట్యం" అన్న మాట దండిగా వాడారు. అక్కడ ఒకటి 73 చుట్లు తిరిగేలోగా మరొకటి 69 తిరుగుతుంది. ఆ నాట్యం వెనకా ఇలాంటి లెక్కే ఉంది. మాటను పక్కకు తీసి లెక్క వెతకండి.

ఈ యూనిట్‌కు అసైన్‌మెంటు ఒకటే. గురుగ్రహం సాయంత్రం కనిపించే నెలల్లో, ముప్పై రాత్రులు ఒకే సమయానికి బైనాక్యులర్‌తో చూసి చుక్కలు గీయండి. చేతులు వణకకుండా కొబ్బరి చెట్టు మొదలుకో, డాబా పిట్టగోడకో ఆనించుకోండి. ఏ చుక్క ఏ ఉపగ్రహమో మొదటి వారం తెలియదు, అందుకు కంగారు పడవద్దు. యూరోపా, గానిమీడ్ ఒకదాని పక్కన ఒకటి గురుగ్రహానికి బాగా దూరంగా కనిపించిన రాత్రిని గుర్తు పెట్టుకుని, ఆ రాత్రి అయో ఏ పక్కన ఉందో రాయండి. మబ్బు పట్టిన రాత్రులకు తేదీ వేసి పేజీ ఖాళీగా వదలండి. లెక్కను బట్టి ఊహించి చుక్కలు పెట్టవద్దు.